గ్రౌండ్‌లో కుక్కలు కొట్టుకుంటే, వాటి యజమానులు తిట్టుకుంటే: ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి ఏం చేయాలి

రెండు కుక్కల గొడవ చాలాసార్లు పది, పదిహేను సెకన్లలో అయిపోతుంది. వాటిని పెంచేవాళ్ల గొడవ మాత్రం లిఫ్టులో మొహాలు తిప్పుకునే దాకా, వాట్సాప్ గ్రూపులోంచి ఒకరు బయటికి పోయే దాకా సాగుతుంది. "మా దాని మీద ఇంకో కుక్క పడింది, అప్పుడేం చేయాలి", "ఆయనేమో మా వాడిదే తప్పంటున్నాడు, బిల్లు ఎవరు కట్టాలి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అంతా ఒకేచోట, చేయాల్సిన వరసలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. హైదరాబాద్ కొండాపూర్‌లో ఉన్నట్టు కుక్కల కోసమే కట్టిన పార్కు గురించి కాదు నేను రాసేది. విజయవాడలో మనలో చాలామంది కుక్కల్ని తాడు విప్పి ఆటకి వదిలేది పోరంకి, కానూరు వైపు ఇళ్లు ఇంకా కట్టని ఖాళీ ప్లాట్లలో, అపార్ట్‌మెంట్ వెనక స్థలంలో, పొద్దున్నే ఏదో ఒక గ్రౌండ్‌లో, లేదంటే కృష్ణ ఒడ్డున. గుంటూరులోనూ అంతే. కంచె ఉండదు, వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు, అక్కడే పుట్టి పెరిగిన వీధి కుక్కలు అందరూ అక్కడే ఉంటారు. అందుకే బయటి దేశాల వీడియోల్లో చెప్పేవన్నీ మనకి సరిపోవు.

1. తీసుకెళ్లాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చుకోండి

ప్రతి కుక్కకీ పది కుక్కల మధ్య తిరగడం ఇష్టం ఉండదు. మనుషుల్లో పెళ్లి భోజనాలంటే పారిపోయేవాళ్లు ఉన్నట్టే ఇదీ. మీ కుక్క అలాంటిదైతే దాన్ని మార్చాలని చూడకండి, విడిగా నడిపించండి, దానికేమీ లోటు ఉండదు.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు వదలొద్దు:

- టీకాలు పూర్తికాని పిల్ల. ఆఖరి డోసు అయ్యాక కూడా రెండు వారాలు ఆగండి, పార్వో అనే వైరస్ జబ్బు మట్టిలోంచే అంటుకుంటుంది.
- హీట్‌లో ఉన్న (ఎదకి వచ్చిన) ఆడకుక్క. దాదాపు మూడు వారాలు. మగవాటి మధ్య జరిగే పెద్ద గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి.
- కుంటుతున్నది, చెవి నొప్పితో తల విదిలిస్తున్నది, ఒంట్లో బాగోలేనిది. నొప్పిలో ఉన్న కుక్కని ఇంకొకటి తగిలినా కరుస్తుంది.
- ఇంతకుముందు గాయం అయ్యేలా కరిచింది. దీన్ని తాడు మీదే ఉంచాలి, బుట్టలాంటి మజిల్ (కరవకుండా మూతికి తొడిగే చిక్కం) వేయాలి. నోరు బిగించి కట్టే గుడ్డ మజిల్ మన ఎండలకి పనికిరాదు, కుక్క నాలుక చాపి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది.

టైమ్ కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే ముగించుకోండి, సాయంత్రమైతే చీకటి పడ్డాక. చేతి వెనక భాగం రోడ్డు మీద పెట్టి ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కాళ్లు కాలతాయి, వేడికి చిరాకెత్తిన కుక్క చిన్నదానికే మీద పడుతుంది. దీపావళి ముందూ వెనకా ఓ వారం టపాసుల మోత ఉన్నప్పుడు అసలు వదలొద్దు.

2. సంచిలో ఏం ఉండాలి

- ఆరడుగుల మామూలు తాడు. బటన్ నొక్కితే సాగే తాడు వద్దు, గొడవలో అది కాళ్లకీ వేళ్లకీ చుట్టుకుని కోసేస్తుంది.
- ఇంకో తాడు, అదనంగా.
- రెండు లీటర్ల నీళ్ల సీసా. తాగడానికే అనుకోకండి, దీని సంగతి ఐదో అంశంలో వస్తుంది.
- పాత దుప్పటి లేదా పెద్ద టవల్.
- సబ్బు ముక్క.
- మలం తీయడానికి కవర్లు. గ్రౌండ్‌లో మన మీద కోపం పెరగడానికి మొదటి కారణం ఇదే.
- టీకాల పుస్తకం, మున్సిపల్ లైసెన్స్ ఉంటే అదీ, ఫోటో తీసి ఫోన్‌లో.
- మీ డాక్టర్ నంబరు, ఆయన లేనప్పుడు రాత్రిళ్లు చూసే ఇంకొకరి నంబరు.

తీసుకెళ్లకూడనివి: కొత్త కుక్కలు ఉన్నప్పుడు బంతి, బొమ్మ, ఎముక, చికెన్ ముక్కలు. ఇంట్లో అన్నం గిన్నె దగ్గర మెతకగా ఉండే కుక్క కూడా బయట బంతి దగ్గర వేరేగా ఉంటుంది.

3. లోపలికి అడుగుపెట్టే ముందు

రెండు నిమిషాలు బయటే నిలబడి చూడండి. ఎన్ని ఉన్నాయి, ఏవి పరిగెడుతున్నాయి, వాళ్ల మనుషులు ఎక్కడున్నారు. యజమానులందరూ ఒక మూల చేరి కబుర్లలో ఉంటే, కుక్కలు ఇంకో మూల ఉంటే ఆ రోజు వెనక్కి వెళ్లిపోవడం మేలు.

కొత్త కుక్క రాగానే మిగతావన్నీ గేటు దగ్గరికి పరిగెత్తుకొస్తాయి. మీది తాడు మీద ఉంటుంది, అవి నాలుగు వైపులా ఉంటాయి, పారిపోవడానికి దారి ఉండదు. భయంతో మీరు తాడు బిగిస్తారు. తాడు బిగిసిన కుక్క మెడ పైకి లేస్తుంది, ఛాతీ ముందుకొస్తుంది, ఎదుటి కుక్కకి అది కయ్యానికి దిగినట్టు కనిపిస్తుంది. అందుకని ముందే కేకేసి అడగండి: "అండీ, ఒక్క నిమిషం మీవాటిని పిలుచుకుంటారా, మేం లోపలికి వస్తాం." తప్పుగా అనుకునేవాళ్లు తక్కువ.

పరిచయం ఇలా చేయండి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన నడిపించండి. వాసన చూసుకోనివ్వండి, మూడు లెక్కపెట్టి పేరు పెట్టి పిలిచి పక్కకి తీసుకెళ్లండి. మళ్లీ కావాలని వస్తే మళ్లీ మూడు. వదిలేటప్పుడు రెండింటినీ వదలండి, లేదా రెండింటినీ తాడు మీదే ఉంచండి. ఒకటి కట్టి ఒకటి వదిలితే కట్టిన దానికి ప్రాణభయం.

4. కుక్క ఒళ్లు ఏం చెబుతుందో చూడటం నేర్చుకోండి

తోక ఊపుతోంది కాబట్టి సంతోషంగా ఉందనుకోవడం మనం ఎక్కువగా చేసే పొరపాటు. తోక నడుం దాకా కదులుతూ ఒళ్లంతా వదులుగా ఉంటే సంతోషమే. తోక నిటారుగా లేచి, కర్రలా బిగిసి, కొస మాత్రమే వేగంగా కదులుతుంటే అది హెచ్చరిక.

ఆట అయితే ముందు కాళ్లు వంచి వెనక భాగం పైకెత్తుతుంది, నోరు తెరిచి ఉంటుంది, ఇప్పుడు ఇది తరిమితే కాసేపాగి అది తరుముతుంది, మధ్యలో రెండూ ఆగి ఒళ్లు విదిలించుకుంటాయి. ఒకటే ఎప్పుడూ పైన, ఇంకొకటే ఎప్పుడూ కింద ఉంటే ఆట కాదు. అనుమానం వస్తే పైనున్న దాన్ని పట్టుకుని ఆపండి. కిందున్నది మళ్లీ దాని దగ్గరికే వస్తే ఆట. సందు చూసుకుని మీ కాళ్ల వెనక్కి వచ్చేస్తే, అంతసేపూ అది భరించిందని అర్థం.

గొడవకి ముందు కనిపించేవి:

- నోరు మూసేసి, కదలకుండా బిగుసుకుపోవడం. ఇది ఒక్క సెకనే ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.
- రెప్ప వేయకుండా సూటిగా చూడటం.
- ఇంకో కుక్క భుజం మీద తల పెట్టి నిలబడటం.
- వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. ఉత్సాహంలోనూ జరుగుతుంది కాబట్టి మిగతావాటితో కలిపి చూడండి.
- తోక కాళ్ల మధ్య ముడుచుకుని, మాటిమాటికీ పెదాలు నాక్కుంటూ, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకి చూడటం. ఇది భయం, తప్పించుకునే దారి లేకపోతే కరుస్తుంది.

గుర్రుమన్నందుకు కుక్కని తిట్టొద్దు, కొట్టొద్దు. "నాకు వద్దు, జరుగు" అని అది చెప్పే పద్ధతి అది. దాన్ని అణిచేస్తే రేపటి నుంచి చెప్పకుండానే కరుస్తుంది.

బిగుసుకుపోయినట్టు కనిపించగానే గట్టిగా అరవకుండా, మామూలు గొంతుతో హుషారుగా పిలుస్తూ మీరు వేరే వైపు నడవండి. చాలా కుక్కలు వెనకే వస్తాయి. వస్తే మెచ్చుకుని తాడు తగిలించండి.

5. కరుచుకుంటే, ఈ వరసలోనే

అరుపులు ఎంత భయంకరంగా ఉన్నా చాలా గొడవల్లో పళ్లు దిగవు. మూడు నాలుగు సెకన్లలో అవే విడిపోతే సరే. లేదంటే:

1. పిల్లల్నీ మిగతా కుక్కల్నీ దూరంగా పంపించమని ఒకరికి చెప్పండి. మూడో కుక్క కూడా దూకితే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది.
2. పెద్ద చప్పుడు చేయండి. స్టీలు సీసాతో గేటు మీద కొట్టడం, బండి హారన్. మనుషులు కేకలు వేస్తే కుక్కలు ఇంకా రెచ్చిపోతాయి.
3. నీళ్లు. ఒళ్లంతా చల్లకుండా ముక్కూ నోటి మీద ధారగా పోయండి.
4. దుప్పటి రెండింటి తలల మీదా పడేలా వేయండి. లేదా వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ, అట్ట, తెరిచిన గొడుగు ఏదో ఒకటి మధ్యలోకి తోయండి.
5. ఇంకా ఆగకపోతేనే వెనక కాళ్లు. ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఒకేసారి. తొడల పైభాగం పట్టుకుని, తోపుడు బండి ఎత్తినట్టు ఎత్తి, వెనక్కి నడుస్తూ గుండ్రంగా పక్కకి తిప్పాలి. తిప్పడం ఆపితే కుక్క వెనక్కి తిరిగి మిమ్మల్నే కరుస్తుంది. తాడు తగిలించే దాకా, లేదా గోడకి అవతలికి చేర్చే దాకా వదలొద్దు.

ఒక్కరే ఉంటే ఎక్కువ దూకుడుగా ఉన్న కుక్క వెనక కాళ్ల ముందు, పొట్ట కింద నుంచి తాడు వేసి స్తంభానికి కట్టేసి, ఆ తర్వాత రెండోదాన్ని లాగండి.

పట్టు వదలకపోతే మాత్రం లాగొద్దు, కండ చీలిపోతుంది. రెండింటినీ కదలకుండా పట్టుకుని నీళ్లు పోస్తూ, పట్టు సడలిన క్షణంలో విడదీయాలి.

ఎట్టి పరిస్థితుల్లో చేయకూడనివి మూడు. మెడ బెల్టు పట్టుకోవడం, దవడల మధ్య చెయ్యి పెట్టడం, తన్నడం లేదా కర్రతో కొట్టడం. మొదటిది మనకి తెలియకుండానే చేసేస్తాం. ఆ కోపంలో కుక్కకి ఎవరి చెయ్యో తెలియదు, సొంత యజమానిని కూడా కరుస్తుంది.

6. విడిపోయాక మొదటి ఐదు నిమిషాలు

కుక్కల్ని ఒకదానికొకటి కనిపించనంత దూరం తీసుకెళ్లండి. "సారీ చెప్పు" అని ముక్కూ ముక్కూ దగ్గరికి తెచ్చేవాళ్లని చూశాను. వద్దు. రెండో గొడవ అప్పుడే మొదలవుతుంది, మొదటిదానికన్నా గట్టిగా.

తర్వాత మనుషుల చేతులు చూసుకోండి, ఆ తర్వాత కుక్క ఒళ్లు. కంటితో చూస్తే చాలదు, బొచ్చు పాయలుగా తీస్తూ వేళ్లతో తడమాలి.

ఇది నాకు తెలిసిన విధం చెబుతాను. మా లాబ్రడార్, పక్క బ్లాక్ పిన్నిగారి పొమరేనియన్ మెడ పట్టుకుని ఒక్కసారి విదిలించి వదిలేసింది. నేను ఫోన్ మాట్లాడుతున్నాను, అది బిగుసుకుపోవడం నేను చూడలేదు. తెల్లటి బొచ్చు మీద చిన్న ఎర్ర చుక్క, ఆవగింజంత. "ఏం కాలేదులే అండీ" అన్నాను. మూడో రోజుకి ఆ చోట నిమ్మకాయంత వాచి, ముట్టుకుంటే కాలిపోతూ, లోపల చీము. పైన రంధ్రం చిన్నదే కానీ పంటితో పట్టి విదిలించినప్పుడు చర్మం కింద కండ చాలా దూరం చీలిందని, క్రిములు లోపలే ఉండిపోయాయని డాక్టర్ చూపించారు. ఆ రోజే తీసుకెళ్లి ఉంటే కడిగి, మందులతో పోయేది.

కాబట్టి పంటి గాటు ఎంత చిన్నదైనా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. పెద్ద కుక్క చిన్న కుక్కని పట్టి విదిలిస్తే గాటు లేకపోయినా చూపించాలి, పక్కటెముకలకీ ఊపిరితిత్తులకీ దెబ్బ తగిలి ఉండొచ్చు. రొప్పు ఆగకపోయినా, చిగుళ్లు తెల్లబడినా ఇంటికి వెళ్లకుండా నేరుగా ఆసుపత్రికే. రేబిస్ బూస్టర్ అవసరమా అన్నది కూడా అప్పుడే అడగండి.

7. మనిషిని కరిస్తే

ఎవరి తప్పు అన్న మాట పక్కన పెట్టి కుళాయి దగ్గరికి వెళ్లండి.

- పారే నీళ్ల కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. ఫోన్‌లో టైమ్ పెట్టుకోండి, లేకపోతే రెండు నిమిషాలకే ఆపేస్తాం.
- తర్వాత బెటాడిన్ లాంటిది రాయొచ్చు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు.
- ఆ రోజే ఆసుపత్రికి. ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా ఉచితం. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజులు. కండకి వేస్తే 14వ రోజు కూడా ఉంటుంది.
- రక్తం వచ్చిన గాటు అయితే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసే లోపు రక్షణ ఇచ్చే ఇంజక్షన్) కూడా వేయాలి. దాని గురించి మీరే అడగండి. టీటీ ఇంజక్షన్ సంగతీ అడగండి.

"మా దానికి టీకాలు వేయించామండీ, ఏం కాదు" అని మీరు తేల్చేయకండి. పుస్తకం ఫోటో పంపించండి, నిర్ణయం డాక్టర్ చేస్తారు. కరిచిన కుక్కని పది రోజులు ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండాలి. తిండి మానేసినా, నడకలో తేడా వచ్చినా వెంటనే కబురు చేయాలి. ఈ పది రోజుల్లో కుక్కని ఊరవతల వదిలేయడం, ఎవరికో ఇచ్చేయడం చాలా పెద్ద తప్పు, కరిపించుకున్న మనిషికి ఆధారం పోతుంది.

8. ఇప్పుడు మనుషుల గొడవ

"మా వాడు ఏమీ అనడండీ." గ్రౌండ్‌లో సగం తగాదాలకి ఈ మాటే మొదలు. అది మీ వాడి గురించి నిజమే కావచ్చు, ఎదుటి కుక్క గురించి మీకేం తెలుసు? మీరు ఈ మాట అనడం మానేయండి. ఎదుటివాళ్లు అంటే వాళ్ల కుక్కని తప్పుపట్టకుండా మీ కుక్క మీద పెట్టుకుని చెప్పండి: "మీది మంచిదేనండీ, మాదే భయపడి కరుస్తుంది. కాస్త పిలుచుకోండి." ఇది చాలాసార్లు పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లకి వాదించడానికి ఏమీ మిగలదు.

గొడవ అయిన వెంటనే చెప్పాల్సింది ఒక్కటే: "ముందు కుక్కల్ని చూసుకుందామండీ, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం." నంబర్లు తీసుకోండి, గాయాల ఫోటోలు తీసుకోండి, ఎవరిది తాడు మీద ఉంది, ఎవరిది వదిలి ఉంది అన్నది ఇద్దరూ ఒప్పుకున్నంత వరకు మెసేజ్‌లో రాసి పంపుకోండి. ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టకండి. గ్రూపులో పడ్డాక రాజీ కుదరడం చాలా కష్టం, నలుగురి ముందు ఎవరూ తగ్గరు.

జాతి పేరు ఎత్తొద్దు. "మీది రాట్‌వీలర్ కదా, అలాగే ఉంటుంది" అన్నాక ఇంక మాట ముందుకు సాగదు. ఏం జరిగిందో అంతవరకే చెప్పండి.

కుక్కలు లేనివాళ్లతో ఇంకా జాగ్రత్త. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన "తీసేయండి ఆ కుక్కని" అని కసురుకుంటే, ఆయనకి అది నిజంగా భయం. "సారీ బాబాయ్‌గారూ, పట్టుకున్నాను, మీరు వెళ్లండి" అని తాడు దగ్గరికి లాక్కుని, ఆయనకీ కుక్కకీ మధ్య మీరు నిలబడండి. నడిచే దారి ఆయనది.

మీ తప్పు ఉంటే ఇంటికి వెళ్లి చెప్పండి. మూడో రోజు పిన్నిగారి ఇంటికి వెళ్లాను. తలుపు సగమే తీశారు. "డబ్బులకి కాదమ్మా, ఏం కాలేదులే అన్నావు చూడు, అదే బాధేసింది" అన్నారు. బిల్లు ఎలాగూ నేనే కట్టాను. మిగిలిన డ్రెస్సింగ్‌లకి రోజూ బండి మీద వాళ్లని తీసుకెళ్లాను.

9. డబ్బు, పోలీసులు, అసోసియేషన్

మా దగ్గర మేం పాటించే లెక్క ఇది. ఒకటి తాడు మీద, ఒకటి వదిలి ఉంటే వదిలినవాళ్లు కట్టాలి. రెండూ వదిలి ఉంటే సగం సగం. మొదటిసారి ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్తే బిల్లు మీద అనుమానాలు రావు. ఫోన్‌పే చేసేటప్పుడు దేనికో రాయండి.

మనిషికి తీవ్ర గాయమైతే అది వేరే సంగతి. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రాణాపాయం, తీవ్ర గాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అలాగే "మందు పెట్టి చంపేస్తా" అనేవాళ్లకి అదే చట్టంలోని 325వ సెక్షన్ గుర్తుచేయండి: జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా శిక్ష.

గొడవ తర్వాత అసోసియేషన్ కుక్కలే వద్దని తీర్మానం చేయబోతే, జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం అలా పూర్తిగా నిషేధించడం కుదరదు. ఆ మాట చెప్పేటప్పుడే టైమింగులూ, తాడూ, మలం తీయడం గురించి మీరే నియమాలు రాసుకెళ్లండి.

10. వీధి కుక్కలు ఎదురైతే

పరిగెత్తొద్దు, రాయి విసరొద్దు. మీ కుక్కని మీ వెనక్కి తీసుకుని, పక్కకి తిరిగి, నెమ్మదిగా వాటి హద్దు దాటండి. గొడుగు తెరిచి అడ్డం పెడితే చాలావరకు ఆగుతాయి. జేబులో బిస్కెట్లు ఉంటే మీ దగ్గర కాకుండా దూరంగా వాటి వెనక్కి చల్లండి. రోజూ అన్నం పెట్టేవాళ్లు ఎవరో కనుక్కుని వాళ్లతో పరిచయం పెంచుకోండి, వాళ్లు ఒక్క కేక వేస్తే వెనక్కి వెళ్లిపోతాయి.

11. కొట్టుకున్న కుక్కల్ని మళ్లీ కలపాలంటే

గాయాలు పూర్తిగా మానే దాకా ఆగండి. తర్వాత రోడ్డుకి ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి, ఒకే వైపు నడిపించండి, పది నిమిషాలు చాలు. అవి ఒకదాన్నొకటి చూసి మళ్లీ మీ వైపు చూసినప్పుడల్లా ఓ ముక్క పెట్టండి. బిగుసుకుపోతే దూరం పెంచండి. వారానికి ఓ అడుగో రెండడుగులో దగ్గర చేయండి, ఏ రోజు బాగోకపోతే ఆ రోజు వెనక్కి వెళ్లండి. తొందరపడితే మొదటికొస్తుంది. ఎంతకీ కుదరని జంటలు ఉంటాయి, అప్పుడు టైములు పంచుకోండి.

మాదీ పిన్నిగారిదీ నాలుగు నెలలుగా పొద్దున ఆరింటికి కలిసి నడుస్తున్నాయి. పదడుగుల దూరం, రెండూ తాడు మీదే. పొమరేనియన్ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆగి మా దాని వైపు చూస్తుంది, అప్పుడు మేమూ ఆగుతాం, అది మళ్లీ కదిలాకే నడుస్తాం. వదిలి చూద్దామని పిన్నిగారు రెండుసార్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు.